మాత్ర మీద నేరం మోపే ముందు

టీచరమ్మ జాబు



పోయిన సంచికలో గుమ్మడి వడియాల గురించి రాస్తే పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఎండ చాలక వడియాలు మెత్తబడ్డాయని నన్ను తిట్టిన వాళ్ళూ ఉన్నారు. అందరికీ విడివిడిగా జవాబులు రాశాను. పన్నెండో ఉత్తరం మాత్రం వడియాల గురించి కాదు. షోలాపూర్ నుంచి ఒక తల్లి రాసింది. పేరు చెప్పను గానీ ఉత్తరం ఇదీ:

“టీచరమ్మగారూ, మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఏ.డి.హెచ్.డి. అన్నారు. ఆరు నెలలుగా మాత్ర వేస్తున్నాం. బళ్ళో కాస్త కుదురుకున్నాడు. కానీ రాత్రి పదకొండయినా కన్ను మూయడు. ఆ మాత్రే పిల్లాడి నిద్ర మింగేస్తోంది, ఆపెయ్యమని మా అత్తగారు రోజూ పోరు పెడుతున్నారు. ఆపితే బళ్ళోంచి కబురొస్తుంది, ఆపకపోతే ఇంట్లో గొడవ. నన్నేం చెయ్యమంటారు?”

ఈ ఉత్తరం నాలుగు రోజులు నా బల్ల మీదే ఉండిపోయింది. జవాబు తోచక కాదు. ఆ అత్తగారిని నేనే కాబట్టి! షోలాపూర్ ఆవిడెవరో నాకు తెలియదు లెండి. కానీ మూడేళ్ళ కిందట బెంగుళూరులో మా అబ్బాయి ఇంట్లో అచ్చం ఇదే మాట అన్నాను. అనడంతో ఆగానా అంటే, అదీ లేదు. అంచేత ఈసారి వంటలూ వ్రతాలూ పక్కన పెట్టి, నేను చేసిన తప్పు, దాని వల్ల నేర్చుకున్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళు మన సంఘంలో చాలానే ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద నూటికి సుమారు అయిదుగురు పిల్లల్లో ఈ ఇబ్బంది ఉంటుందని వైద్యుల లెక్క. మన ఇళ్ళలో అయితే దాన్ని ‘అల్లరి’ అనో, ‘గారాబం’ అనో చెప్పుకుని ఊరుకుంటాం.

మా మనవడిని ఇంట్లో చంటీ అంటాం. పుట్టినప్పటి నుంచీ నిద్ర తక్కువే. ఉయ్యాల ఊపే చెయ్యి నొప్పి పుట్టాలే తప్ప వాడి కన్ను మూతపడేది కాదు. ఏడో ఏట బళ్ళోంచి వరసగా ఫిర్యాదులు వచ్చాయి. కూచున్న చోట కూచోడు, పక్కవాడి పుస్తకం లాగుతాడు, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అరుస్తాడు, తన వస్తువులన్నీ పోగొట్టుకుంటాడు. ముప్పై రెండేళ్ళు బరంపురంలో తెలుగు పిల్లలకి పాఠాలు చెప్పిన దాన్ని కదా, “మా బళ్ళో ఇలాంటి వాళ్ళు ఎందరు లేరు, ఎదిగితే వాళ్ళే కుదురుకుంటారు” అని కొట్టిపారేశాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజుల్లో నేను గోడకుర్చీ వేయించిన పిల్లల మొహాలు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొస్తాయి.

బెంగుళూరులో పిల్లల మానసిక వైద్యుడు ఒకాయన అన్నీ పరీక్షించి, తల్లిదండ్రులకి కొన్ని పద్ధతులు నేర్పి, కొన్నాళ్ళు చూసి, తరవాత మాత్ర రాశారు. దాని పేరు మిథైల్‌ఫెనిడేట్. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మధ్యాహ్నం మాత్ర బళ్ళో వెయ్యమన్నారు, కానీ బడివాళ్ళు అది తమ పని కాదన్నారు. సరే, ఇంటికొచ్చాక వేద్దాం అనుకున్నారు మావాళ్ళు. ఈ చిన్న మార్పు సంగతి డాక్టరుగారికి చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ ఏడాది మా కోడలికి ఆఫీసులో పని పెరిగిందని, సాయంగా ఉందామని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. రైలు పేరుకే ప్రశాంతి. వాళ్ళింట్లో రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పగానే అసలు గొడవ మొదలయ్యేది. మంచినీళ్ళు కావాలి. నీళ్ళు తాగాడు గనక మళ్ళీ బాత్రూముకి వెళ్ళాలి. దుప్పటి గుచ్చుకుంటోంది. ఏనుగులకి మోకాళ్ళు ఎన్ని? మామ్మా, నువ్వు చచ్చిపోతే నీ కళ్ళజోడు ఎవరికి? పక్కమీద పడుకుని గోడకి కాళ్ళు టకటకా కొట్టేవాడు. పదకొండున్నరకి వాడు పడుకునేసరికి మా కోడలు సోలిపోయి ఉండేది. పొద్దున్న ఆరున్నరకి వాణ్ణి లేపడం అంటే కుంభకర్ణుణ్ణి లేపినట్టే.

మాత్ర మొదలెట్టాకే ఈ నిద్ర గొడవ ముదిరిందని నాకు బలంగా అనిపించింది. “పసివాడికి రోజూ మత్తుమందులేమిటే అమ్మాయీ, ఆపెయ్యి” అన్నాను. మా కోడలు, “డాక్టర్ని అడుగుదాం అత్తయ్యా” అంది. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకా మూడు వారాలుంది. నేను ఆగలేదు.

పొద్దున్న ఏడున్నరకల్లా కొడుకూ కోడలూ బయల్దేరిపోతారు. మాత్ర వేసి వ్యాను ఎక్కించడం, సాయంత్రం దింపుకుని రెండో మాత్ర వెయ్యడం నా పని. ఒక బుధవారం నుంచి వెయ్యడం మానేశాను. తీసిన మాత్రల్ని మెంతుల డబ్బాలో దాచాను. అంతటితో ఊరుకోకుండా, రాత్రి నిద్ర పట్టడానికని వీధి చివర మందుల షాపులో అడిగి ఒక జలుబు సిరప్ తెచ్చి, రెండు రాత్రులు ఒక చెంచాడు పట్టించాను. “పెద్దవాళ్ళకి మగత వస్తుందమ్మా” అన్నాడతను. మావాడికి వచ్చింది మగత కాదు, పూనకం! మొదటి రాత్రి మంచం మీద గంటసేపు గెంతాడు. అలాంటి సిరప్‌లు కొందరు పిల్లల్లో మత్తుకి బదులు ఉద్రేకం తెప్పిస్తాయని నాకు తరవాత తెలిసింది.

మరి మాత్ర ఆపితే నిద్రపోయాడా? కాస్త ముందుగా పడుకున్న మాట నిజం. పదకొండున్నర బదులు పది, పదింబావు. కానీ నేననుకున్నట్టు దీపం ఆర్పగానే గువ్వలా పడుకోలేదు. ఏనుగుల మోకాళ్ళూ, దుప్పటి గుచ్చుకోవడం మామూలే. అంటే, ఆ నిద్రలేమిలో మాత్ర వాటా కొంతే, మిగతాది వాడితో పుట్టిందే. ఆ సంగతి కళ్ళెదుట కనిపిస్తున్నా నా బుర్రకి ఎక్కలేదు.

ఏడో రోజు మంగళవారం. బడి వ్యాను రోడ్డుకి అటు పక్క ఆగుతుంది. ఆయా చెయ్యి పట్టుకుని దింపి, నేను దాటి వెళ్ళేదాకా నిలబెడుతుంది. ఆ రోజు వాడికి ఇటు పక్కన కుక్కపిల్ల కనిపించింది. ఆయా చెయ్యి విదిలించుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఒక స్కూటరబ్బాయి బ్రేకు వేసి, జారి పడ్డాడు. చంటిగాడికి మోకాలు దోక్కుపోయింది, ఆ అబ్బాయికి మోచెయ్యి. అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు. కానీ ఇవతలి గట్టున నిలబడి చూసిన నాకు ఆ రెండు క్షణాలూ ఇంకా పూర్తి కాలేదు.

మాత్ర వేసి ఉంటే వాడు పరిగెత్తేవాడు కాదని నేను ప్రమాణం చెయ్యలేను. మాత్ర వేసుకున్న పిల్లలూ పరిగెత్తుతారు. కానీ వెయ్యకపోవడం నా నిర్ణయం, అదీ ఎవరికీ చెప్పకుండా తీసుకున్న నిర్ణయం. ఆ రాత్రి మెంతుల డబ్బా తెచ్చి మా కోడలి ముందు పెట్టాను. పదమూడు మాత్రలు.

కోప్పడుతుందనుకున్నాను. లెక్కపెట్టుకుని చాలాసేపు ఊరుకుంది. “వాడు నిద్రపోకపోతే పక్కన మేలుకుని కూచునేది నేనే కదా అత్తయ్యా. ఆ మాత్ర మంచిదో చెడ్డదో అని నాకూ రోజూ భయమే. కానీ ఆపితే ఆపానని నాకు చెప్పాలి కదా” అంది. రెండు రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు, “ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ రండి” అంది. ఆ ఒక్క మాటకి నేను ఆమెకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ డాక్టరుగారు కన్నడిగులు. నాకు కన్నడం రాదు, ఆయన తెలుగు అంతంత మాత్రం. అయినా ఓపిగ్గా అన్నీ విన్నారు. నేను చేసిన పని చెబితే తిట్టలేదు. “నిద్ర గురించి అభిప్రాయాలు వద్దమ్మా, లెక్క కావాలి. మీరు టీచరు కదా, పధ్నాలుగు రోజులు రాసి తీసుకురండి” అన్నారు. ఇలాంటి పని నాకు అప్పగించాలా! గీతలు కొట్టి పుస్తకం తయారు చేశాను. మాత్ర వేసిన వేళ, తిన్నదేమిటి, దీపం ఆర్పిన వేళ, నిద్ర పట్టిన వేళ, మధ్యలో లేచాడా, గురక ఉందా, పొద్దున్న లేచిన వేళ. ఆఖర్న ‘ఇతర విశేషములు’ అని ఒక గడి. అసలు సంగతులన్నీ ఆ ఆఖరి గడిలోనే దొరికాయి.

పధ్నాలుగు రాత్రుల లెక్క ఇదీ. సాయంత్రం మాత్ర నాలుగున్నరకల్లా వేసిన రోజులు అయిదు. ఆ రోజుల్లో పదిన్నర ప్రాంతంలో నిద్రపోయాడు. ట్రాఫిక్‌లో వ్యాను ఆలస్యమై అయిదున్నర దాటాక వేసిన రోజులు ఆరు. అప్పుడు పదకొండున్నర, ఒకసారి పన్నెండు. సెలవు రోజుల్లో సాయంత్రం మాత్ర వద్దని డాక్టరుగారే చెప్పారు, అవి మూడు. ఆ రాత్రులు పది, పదింబావు. పుస్తకం చూసి ఆయన నవ్వి, “మధ్యాహ్నం వెయ్యమన్న మాత్ర సూర్యాస్తమయానికి వేస్తే అది రాత్రి డ్యూటీ చెయ్యక ఏం చేస్తుంది?” అన్నారు.

అసలీ మాత్ర చేసే పనేమిటి? మన మెదడు ముందు భాగంలో ‘ఆగు, చూడు, తరవాత చెయ్యి’ అని చెప్పే పెత్తనం ఒకటుంటుంది. డోపమిన్, నారెపినెఫ్రిన్ అనే రసాయనాలు అక్కడ చాలినంతగా పనిచెయ్యకపోతే ఆ పెత్తనం సడలుతుంది. క్లాసులో మాస్టారు కునుకు తీస్తే పిల్లలంతా లేచి గోల చేసినట్టు. ఈ మాత్ర మాస్టార్ని లేపుతుంది, పిల్లలు సర్దుకుంటారు. అంటే నేననుకున్నట్టు అది మత్తుమందు కానే కాదు, ఉత్తేజపరిచే మందు. ఈ జాతి మందులు అల్లరి పిల్లల్ని కుదుటపరచడం మొదట గమనించినది అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, 1937లో. మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో స్విట్జర్లాండులో లియాండ్రో పానిజాన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. భార్య ముద్దుపేరు రీటా. ఆవిడ పేరు కలిసొచ్చేలా దానికి ‘రిటాలిన్’ అని పెట్టారు. భార్య మీద ప్రేమతో చీర కొనే మగవాళ్ళని చూశాం గానీ, మాత్రకి పేరు పెట్టిన వాడు ఇతనొక్కడేనేమో!

ఉత్తేజపరిచే మందు గనక, అది పనిచేస్తున్నంతసేపూ నిద్రకి అడ్డే. మామూలు రకం మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఎక్కువసేపు పనిచేసే రకాలున్నాయి, అవి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. 2015లో అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు తొమ్మిది అధ్యయనాల్లోని 246 మంది పిల్లల లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. ఈ మందులు వాడే పిల్లలకి నిద్ర పట్టడం ఆలస్యమవుతుందని, నిద్ర కాస్త తగ్గుతుందని, రోజులో ఎక్కువసార్లు మందు వేస్తే ఆలస్యం ఇంకా పెరుగుతుందని తేలింది. అంటే నా అనుమానం ఉత్త చాదస్తం కాదన్నమాట. కానీ మందు ఎరుగని పిల్లల్లో కూడా, ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళకి నిద్ర తిప్పలు ఎక్కువే. సాయంత్రం చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి, ‘ఇక పడుకో’ అని చెబుతుంది. ఈ పిల్లల్లో కొందరికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. ఇలా రెండు కారణాలూ కలిసిపోయి ఉంటే, అందులో ఒక్కదాన్నే దొంగని చేసి కట్టేస్తే లాభమేమిటి?

ఇక ‘ఇతర విశేషముల’ గడిలోకి వస్తాను.

మొదటిది, టిఫిన్ డబ్బా. మాత్ర ఆకలిని చంపుతుంది. అందుకని మధ్యాహ్నం డబ్బా సగం అలాగే తిరిగొచ్చేది. రాత్రి తొమ్మిదికి, మందు బలం తగ్గాక, అసలు ఆకలి లేచేది. కడుపు కాలుతున్న పిల్లాడికి నిద్రెలా వస్తుంది? ఆకలికి రుచి అక్కర్లేదు, నిద్రకి పక్క అక్కర్లేదు అంటారు గానీ, ఆకలి ఉన్న చోట నిద్రకి పక్క పరిచినా రాదు.

రెండోది, సాయంత్రం చిరాకు. పొద్దున్న మాత్ర బలం దిగిపోయాక, ఇంటికి రాగానే, కారణం లేకుండా అరిచేవాడు, ఏడ్చేవాడు. నేను దాన్ని పొగరు అనుకుని గసిరేదాన్ని. మందు దిగేటప్పుడు కొందరు పిల్లల్లో ఇది మామూలేనట. ఆ అరగంటా ఏదైనా తినిపించి, హోంవర్కు మాట ఎత్తకుండా వదిలేస్తే సర్దుకుంటుందన్నారు.

మూడోది, కాళ్ళు. గోడకి కాళ్ళు కొట్టడం గురించి రాస్తే, డాక్టరుగారు చంటిగాణ్ణే అడిగారు. “చీమలు పాకుతున్నట్టుంటుంది, కొడితే పోతాయి” అన్నాడు వాడు. అన్ని నెలలుగా కొట్టొద్దని చెప్పామే గానీ, ఎందుకు కొడుతున్నావని మేమెవరం అడగలేదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించారు. తక్కువగా ఉంది. ఇనుము తక్కువైతే కాళ్ళలో ఇలాంటి అలజడి కలగవచ్చునట. మందు ఇచ్చారు.

నాలుగోది రాయడానికి సిగ్గుగా ఉంది. రోజూ సాయంత్రం అయిదింటికి నా టీలోంచి అరగ్లాసు వాడికి పోసేదాన్ని. మామ్మా మనవడూ బాల్కనీలో కూచుని టీ తాగడం మా ఇద్దరికీ ఓ వేడుక. పుస్తకంలో నిజాయితీగా ‘టీ, అరగ్లాసు’ అని రాసుకుంటూ పోయాను. టీ నిద్ర చెడగొడుతుంది, పైగా తిండిలోని ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. మాత్ర మీద నేరం మోపి మెంతుల డబ్బాలో దాచిన నేనే, రోజూ నా చేత్తో ఆ పని చేస్తున్నాను! ఇప్పుడు వాడికి ఆ గ్లాసులోనే పాలు పోస్తాను. వేడుక వేడుకలాగే ఉంది.

డాక్టరుగారు మాత్ర మార్చారు. పొద్దున్న ఒక్కసారి వేస్తే బడి వేళంతా సరిపోయే రకం, అదీ ఏడింటికే. ముందు కడుపు నిండా ఇడ్లీయో, పెసరట్టో పెట్టి ఆ పైన మాత్ర. రాత్రి ఏడున్నరకి భోజనం, ఎనిమిదిన్నరకి పెరుగన్నం రెండు ముద్దలో, పాలో. ఎనిమిది తరవాత ఫోనూ టీవీ బంద్, పెద్దవాళ్ళకి కూడా. ఇది మా అబ్బాయికి అందరికన్నా కష్టమైంది. స్నానం, కథ, దీపం, రోజూ ఇదే వరస. ఆదివారమైనా పొద్దున్న లేచే వేళ గంటకి మించి జరగకూడదు. పక్కమీద కూచుని బెదిరించడం లేదు, బతిమాలడం లేదు.

ఇదేం పెద్ద వైద్యమా అనుకోకండి. ఆస్ట్రేలియాలో ఇలాంటి 244 మంది పిల్లల మీద ఒక పరిశీలన జరిగి, 2015లో అచ్చయింది. సగం మంది తల్లిదండ్రులకి రెండుసార్లు కూచోబెట్టి, ఒకసారి ఫోన్లో, ఇలాంటి నిద్ర పద్ధతులు నేర్పారు. ఆ పిల్లల నిద్రే కాదు, పగటి పూట కుదురు కూడా కొంత మెరుగైంది.

మా ఇంట్లో అద్భుతమేదీ జరగలేదు. మూడు నెలలకి, దీపం ఆర్పిన అరగంట, ముప్పావుగంటలో నిద్రపోయే రాత్రులు వారంలో అయిదయ్యాయి. మిగతా రెండు రాత్రులూ ఏనుగుల గురించి మాట్లాడుకుంటాం. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలంటారు. మావాడు తొమ్మిది గంటలు అందుకుంటున్నాడు. మా కోడలు కూడా ఇప్పుడు నిద్రపోతోంది. అది ఏ పుస్తకంలోనూ రాయలేదు గానీ, నాకు అన్నిటికన్నా పెద్ద ఫలితం అదే.

షోలాపూర్ అమ్మాయీ, ఇక నీకు జవాబు.

మీ అత్తగారు అన్నదాంట్లో సగం నిజముంది. ఆవిణ్ణి కొట్టిపారెయ్యకు. ఈ మాత్రల వల్ల నిద్ర ఆలస్యం కావచ్చు. కానీ ఆపడం, వేళ మార్చడం, మోతాదు తగ్గించడం, ఇవన్నీ రాసిన డాక్టరుతో కలిసి తీసుకోవలసిన నిర్ణయాలు. ఈ ఇబ్బందికి వాడే మందుల్లో వేరే రకాలూ ఉన్నాయి. క్లోనిడిన్ లాంటి వాటిని ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు ఎగిసే ప్రమాదముంది. అటమాక్సెటిన్ కొందరు పిల్లలకి మగత తెస్తుంది, కొందరికి నిద్ర చెడగొడుతుంది. ఒకరి పిల్లాడికి పనికొచ్చింది మరొకరికి పనికిరాదు. నిద్రకని సిరప్‌లూ, మెలటోనిన్ మాత్రలూ సొంతంగా ఇవ్వకు.

ఇవాళే ఒక నోటుపుస్తకం కొను. రెండు వారాలు రాయి. మాత్ర మొదలెట్టక ముందు నిద్ర ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని మొదటి పేజీలో రాయి. గురక పెడతాడా, నోటితో ఊపిరి తీస్తాడా చూడు. టాన్సిల్సూ, ముక్కు వెనక కండా పెరిగి రాత్రిళ్ళు ఊపిరి సరిగ్గా ఆడని పిల్లలు పగలు మనలా తూగరు, ఇంకా ఎక్కువ గెంతుతారు. కాళ్ళ సంగతి బాబునే అడుగు. టీ, కాఫీ, కోలా పోస్తున్నదెవరో కనిపెట్టు, నాలాంటి ముసలివాళ్ళని ముందు అనుమానించు! ఆ పుస్తకం రాసే పని మీ అత్తగారికి అప్పగించు. డాక్టరు దగ్గరికి ఆవిణ్ణీ తీసుకెళ్ళు. మా ఇంట్లో గొడవ అణిగింది మాత్ర మార్చినందుకు కాదు, ఆ పుస్తకం నా చేతికొచ్చినందుకు.

పరాయి రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి ఇంకో రెండు మాటలు. డాక్టరు భాష పెద్దవాళ్ళకి అర్థం కాక, సగం విని సగం ఊహించుకునే ఇళ్ళు మనవి. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘టెలి మానస్’ అనే ఉచిత ఫోను సేవ మొదలెట్టింది, నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు. డాక్టరుకి బదులు కాదు గానీ, మనసులో గుబులు మన భాషలో చెప్పుకోవడానికి పనికొస్తుంది. రెండోది, మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అదుపులో ఉన్న మందు. ప్రతి షాపులోనూ దొరకదు. సంక్రాంతికో, దసరాకో సొంతూరు వెళ్ళేటప్పుడు డాక్టరు చీటీ, సరిపడా మాత్రలు వెంట పెట్టుకోండి.

మన సంఘం పెద్దలకీ ఒక మనవి. ఉగాది నాటకాల రిహార్సల్సు రాత్రి పదింటిదాకా సాగుతున్నాయి. పిల్లల వేషాలు ముందు పూర్తి చేసి ఎనిమిదికల్లా ఇళ్ళకి పంపిస్తే, సంఘానికి పోయేదేమీ లేదు. పొద్దున్న కొన్ని ఇళ్ళలో అరుపులు తగ్గుతాయి.

మా మెంతుల డబ్బాలో ఇప్పుడు మెంతులే ఉన్నాయి. మొన్న ఫోన్లో చంటిగాడు, “మామ్మా, ఏనుక్కి మోకాళ్ళు రెండే, వెనక కాళ్ళకి ఉంటాయి. ముందు వాటివి మణికట్లు. చదివాను” అన్నాడు. చదివాను అన్నాడు, వినండి! కూచుని చదివాడు.

వచ్చే సంచికలో మళ్ళీ వడియాల్లోకి దిగుదాం. ఈలోగా మీ ఇళ్ళ నిద్ర సంగతులు రాయండి.

ఉంటాను,
మీ టీచరమ్మ